అంతర్జాలములో బాలలు – భద్రత, బాధ్యత

1969వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీ రాత్రి అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలిస్ శాఖలోని ఒక కంప్యూటరునుండి, సుమారు 500 కిలోమీటర్ల దూరమున స్టాన్‌ఫర్డ్ పరిశోధనాలయములోనున్న మరియొక కంప్యూటరునకు 'లాగిన్' అను మాటను పంపుటకు ప్రయత్నము జరిగినది. మొదటి రెండక్షరములు చేరునప్పటికే వ్యవస్థ స్తంభించినది. కొంతసేపటికి దానిని సరిచేసి మాటను పూర్తిగా పంపగలిగిరి. నేటి అంతర్జాలమునకు మూలమైన 'ఆర్పానెట్'పై ప్రయాణించిన తొలి సందేశమది. మన దేశములో సామాన్య ప్రజలకు అంతర్జాల సౌకర్యము 1995 ఆగస్టు 15న ప్రారంభమైనది.

ఆ తొలి దినములలో జాలమును వాడినవారు కొలదిమంది శాస్త్రజ్ఞులు మాత్రమే. వారిలో చాలమంది ఒకరినొకరు ఎరిగినవారు. అందుచేత వారు నిర్మించిన పద్ధతులలో సందేశము చేరుట ముఖ్యమైనదిగాని, పంపినవాడు నిజముగా ఎవరు అని పరీక్షించుట ముఖ్యముకాలేదు. 1982లో ఏర్పడిన విద్యుల్లేఖల నియమావళిలో, పంపువాడు తన పేరని ఏది వ్రాసిన అదియే అతని పేరుగా చెల్లెడిది. తరువాత అనేక రక్షణలు చేర్చబడినవి. అయినను పునాది మాత్రము పరస్పర విశ్వాసమునందే ఉన్నది. నేడు ఆ పునాదిపై కోట్లకొలది అపరిచితులు నివసించుచున్నారు. వారి నడుమ మన పాఠశాలల పిల్లలును ఉన్నారు. యంత్రము చేయని పరీక్షను ఇప్పుడు మనుష్యుడే చేసికొనవలెను. పిల్లలకు నేర్పవలసిన జాగ్రత్త అంతయు ఈ ఒక్క విషయమునుండియే పుట్టుచున్నది.

పంపిన సందేశము ఎక్కడికి పోవును?

ఉత్తరము వ్రాసి తపాలా పెట్టెలో వేసినచో ఆ కాగితము మన చేతిని విడిచి ఎదుటివాని చేతికి చేరును. లోకములో ఆ కాగితము ఒక్కటియే. అంతర్జాలములో వస్తువు కదలదు. దాని నకలు పుట్టును. ఫోనునుండి ఒక చిత్రమును పంపినప్పుడు అది చిన్న చిన్న ముక్కలుగా విభజింపబడును. ప్రతి ముక్కపైన చేరవలసిన చిరునామాయు, బయలుదేరిన చిరునామాయు ఉండును. ఆ ముక్కలు దారిలోనున్న యంత్రముల మీదుగా సాగి గమ్యమున మరల ఒకటిగా కూర్చబడును. అప్పటికి ఆ చిత్రము పంపినవాని ఫోనులో ఒకటి, అందుకొన్నవాని ఫోనులో ఒకటి ఉండును. ఫోనులోని విషయములను భద్రపరచు దూరపు యంత్రములలోకూడ నకళ్లు ఏర్పడవచ్చును. ఈ చివరి యంత్రములనే 'సర్వర్లు' అందురు.

కావున ఒక చిత్రమును తన ఫోనులో చెరిపివేసిన విద్యార్థి, చెరిపినది ఒక నకలును మాత్రమే. కొన్ని సాధనములలో 'అందరి వద్దనుండి తొలగించు' అను సదుపాయము కలదు. కాని ఈలోగా ఎదుటివాడు తన తెరను ఫోటో తీసికొన్నచో దానిపై ఈ ఆజ్ఞ పనిచేయదు.

'మా సందేశములు రహస్యలిపిలో పోవునుగదా, భయమేమి?' అని కొందరు విద్యార్థులు అడుగవచ్చును. సందేశమును ఇతరులు చదువలేని సంకేతములుగా మార్చి పంపుటను గూఢలేఖనము అందురు. ఇది గొప్ప రక్షణయే. దారిలోనున్న యంత్రములు ఆ సందేశమును చదువజాలవు. అయితే గమ్యమున అది విప్పబడి తీరవలెను; లేనిచో స్నేహితుడును చదువలేడు. గూఢలేఖనము దారిని కాపాడునుగాని, ఆవలిగట్టున నున్న మనుష్యుని మనసును కాపాడజాలదు.

ఛాయాచిత్రములలో మరియొక విశేషము కలదు. చాల ఫోనులు చిత్రముతోపాటు తీసిన తేదీని, వేళను, ఫోను రకమును, అనుమతి ఉన్నచో ఆ స్థలముయొక్క అక్షాంశ రేఖాంశములనుకూడ దాచియుంచును. కొన్ని సాధనములు పంపునప్పుడు వీనిని తొలగించును, కొన్ని తొలగింపవు. ఇక కంటికి కనిపించు వివరములు సరేసరి. బడిదుస్తుల రంగు, చొక్కాపై చిహ్నము, వెనుకనున్న దుకాణపు బోర్డు, రోజూ ఎక్కు బస్సు నంబరు — ఈ నాలుగింటిని చేర్చినచో అపరిచితునకు ఆ బాలిక ఏ బడిలో చదువుచున్నదో, ఏ వేళ ఏ దారిన నడచునో తెలిసిపోవును.

వదంతి – ఒక లెక్క

ఒక విద్యార్థి తనకు వచ్చిన వార్తను అయిదుగురికి పంపెననుకొందము. వారిలో ప్రతివాడును మరి అయిదుగురు క్రొత్తవారికి పంపును. మొదటి మెట్టున 5గురు, రెండవ మెట్టున 25మంది, మూడవ మెట్టున 125మంది. ఇది గుణశ్రేఢి. పదవ మెట్టున ఆ వార్తను అందుకొనువారి సంఖ్య 97,65,625.

ఇప్పుడు అందుకొన్న ప్రతి అయిదుగురిలో ముగ్గురు ఆ వార్తను పంపక ఆపివేసిరనుకొందము. మిగిలిన ఇద్దరు మాత్రమే తలా అయిదుగురికి పంపుదురు. అప్పుడు శ్రేఢి 5, 10, 20, 40 అని రెట్టింపగుచు పోవును. పదవ మెట్టున అందుకొనువారు 2,560 మంది మాత్రమే. నలుగురు ఆపివేసినచో మెట్టుమెట్టునకు అయిదుగురే. వార్త పెరుగనే పెరుగదు. అంటువ్యాధి వ్యాపించుటకును, ఆగిపోవుటకును వైద్యశాస్త్రజ్ఞులు వేయు లెక్కయు ఇట్టిదే. 'నేనొక్కడిని పంపకున్నంత మాత్రమున ఏమగును?' అను విద్యార్థికి ఈ లెక్కయే సమాధానము.

ఇది కేవలము నల్లబల్లపై లెక్క కాదు. 2018లో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి మన దేశములో పలు రాష్ట్రములలో వాట్సాప్ ద్వారా ప్రాకినది. దానితో తిరిగిన దృశ్యములలో ఒకటి, మోటారు సైకిలుపై వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకొను పిల్లవానిని ఎత్తుకొనిపోవుట. నిజమునకు అది పాకిస్తానులోని కరాచీ నగరములో బాలల భద్రతను గూర్చి ప్రజలను హెచ్చరించుటకు తీసిన ప్రచార చిత్రము. దాని చివర ఆ పిల్లవానిని తిరిగి దింపి, హెచ్చరిక పలకను చూపుదురు. ఎవరో ఆ చివరిభాగమును కత్తిరించిరి. మిగిలినది నేరమునకు సాక్ష్యమువలె కనబడెను. ఆ సంవత్సరము జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రాయిన్‌పాడా గ్రామములో అయిదుగురు సంచారజాతివారిని పిల్లల దొంగలని భ్రమించి జనులు కొట్టి చంపిరి. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ మన దేశములో ఒక సందేశమును ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపరాకుండ పరిమితి పెట్టినది. లెక్కలోని గుణకమును తగ్గించుటయే దాని ఉద్దేశము.

తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలోను ఈ వదంతులు వచ్చినవి. అప్పటి జిల్లా పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి పోలీసులను గ్రామములకు పంపి, చాటింపు వేయించి, జానపద గాయకులచే పాటలు పాడించి, అట్టి సందేశములను నమ్మవద్దని ప్రజలకు బోధపరచెను. ఫోనులో వచ్చిన అబద్ధమునకు ఊరి రచ్చబండయొద్ద సమాధానము చెప్పుట ఇందులోని విశేషము. తరగతి గదికూడ అట్టి రచ్చబండ కాగలదు.

తాళపుచెవి ఎంత పెద్దది?

1960 దశకపు తొలి సంవత్సరములలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఒకే కంప్యూటరును పలువురు పంచుకొనవలసి వచ్చినది. ఎవరి పత్రములు వారికే దక్కుటకు 'పాస్‌వర్డు' వాడుకలోనికి వచ్చినది. దాని బలమును ఉన్నత పాఠశాల గణితముతోనే కొలువవచ్చును.

నాలుగంకెల సంకేతమునకు 10,000 అవకాశములు మాత్రమే కలవు. ఎనిమిది ఆంగ్ల చిన్నక్షరముల పాస్‌వర్డుకు 26ను ఎనిమిదిసార్లు హెచ్చవేసినంత, అనగా సుమారు 20,883 కోట్ల అవకాశములు. ఇది చాల పెద్ద సంఖ్యయే. కాని సెకనుకు కోటి చొప్పున ప్రయత్నించు యంత్రమునకు వీనినన్నిటిని పరీక్షించుటకు ఆరు గంటలు కూడ పట్టదు. మరి నాలుగక్షరములు చేర్చి పన్నెండు చేసినచో అదే యంత్రమునకు సుమారు 300 సంవత్సరములు పట్టును. నాలుగక్షరములతో కాలము 4,56,976 రెట్లు పెరిగినది! కావున పొట్టిదై చిత్రవిచిత్రముగానుండు మాటకంటె, ఒకదానితో ఒకటి సంబంధములేని నాలుగైదు మాటలను కలిపిన పొడవైన పాస్‌వర్డు మేలు. జ్ఞాపకముంచుకొనుటయు సులభము. అయితే ఈ లెక్క అక్షరములను యదృచ్ఛగా ఎన్నుకొన్నప్పుడే చెల్లును. సొంతపేరు, పుట్టినతేదీ, సినిమా నటుని పేరు — వీనిని యంత్రము మొట్టమొదటనే ప్రయత్నించును. ఒకే పాస్‌వర్డును అన్నిచోట్ల వాడుటయు ప్రమాదమే. ఒకచోట బయటపడినచో అన్ని తలుపులును తెరచుకొనును.

తాళము గట్టిదైనప్పుడు దొంగ తాళమును విరుగగొట్టడు. తాళపుచెవిని ఇమ్మని అడుగును. ఫోనునకు వచ్చు ఆరంకెల ఓ.టి.పి. ఒక్కసారికే, కొద్ది నిమిషములకే చెల్లును. పది లక్షల అవకాశములలో దానిని ఊహించుట కష్టము. అందుచేతనే మోసగాడు బ్యాంకు అధికారివలెనో, కొరియరు మనిషివలెనో, విద్యార్థివేతనము మంజూరు చేయు గుమాస్తావలెనో మాటలాడి దానిని చెప్పించుకొనును. తల్లిదండ్రుల ఫోను పిల్లల చేతిలో ఉన్నప్పుడు ఈ కాల్ పిల్లలకే వచ్చును. వారికి రెండు సూత్రములు తెలియవలెను. ఓ.టి.పి.ని ఎంతటివాడు అడిగినను చెప్పరాదు. 2016లో ప్రారంభమైన యు.పి.ఐ. పద్ధతిలో డబ్బు పంపుటకే పిన్ కావలెను. మనకు డబ్బు వచ్చుటకు పిన్ అక్కరలేదు. 'బహుమతి అందుకొనుటకు పిన్ నొక్కుము' అనువాడు మన డబ్బునే లాగుకొనుచున్నాడు.

బ్రౌజరులో కనబడు తాళపు గుర్తునుగూర్చికూడ ఒక అపోహ కలదు. దారిలో ఎవరును మాటలను చదువలేరని మాత్రమే అది తెలుపును. ఆవలనున్నవాడు మంచివాడని తెలుపదు. మోసగాండ్రును ఆ గుర్తును సులభముగా సంపాదింతురు. చూడవలసినది చిరునామాను. చిరునామాలో మొదటి ఏటవాలు గీతకు ముందు పేరు ఎట్లు ముగిసినదో గమనింపవలెను. మన దేశములో 'డాట్ గవ్ డాట్ ఇన్' అని ముగియు పేర్లు ప్రభుత్వ సంస్థలకే ఇవ్వబడును. ఆ మాటలు పేరు మధ్యలో ఇరికించియుండి, చివర వేరొకటి ఉన్నచో అది ప్రభుత్వపుది కాదు.

ముసుగు వేసికొన్న స్నేహితుడు

అన్నిటికంటె బాధాకరమైన ప్రమాదము మరియొకటి కలదు. ఆటలోనో, చిత్రములు పంచుకొను చోటనో పరిచయమైన వ్యక్తి తానును పదునాలుగేండ్లవాడనే అనును. ప్రతిదినము పలుకరించును. ఇంటిలోని కష్టములను ఓపికతో వినును. తరువాత 'ఈ మాట మన మధ్యనే ఉండవలెను' అనును. ఒకనాడు ఒక చిత్రమును అడుగును. అది చేతికి చిక్కిన తోడనే అతని మాట మారును. డబ్బు ఇమ్మనియో, మరికొన్ని చిత్రములు పంపుమనియో, లేనిచో అందరికిని చూపుదుననియో బెదరించును. అసలు చిత్రము పంపకున్నను, మామూలు చిత్రమునుండి కృత్రిమ మేధతో అసభ్య చిత్రమును సృష్టించి బెదరించుటయు నేడు సాధ్యమైనది. ముఖము, కంఠధ్వనికూడ అనుకరింపబడుచున్నవి గనుక, తెరపై కనబడిన ముఖము మనిషికి రుజువు కాదు.

ఇట్టి వలలో చిక్కిన బాలుడు తెలివితక్కువవాడు కాడు. బాలిక చెడ్డది కాదు. నేరము బెదరించినవానిది. మోసగాని బలమంతయు ఒక్కదానిమీద ఆధారపడియున్నది — ఈ విషయము ఇంటిలో తెలిసినచో దెబ్బలు తప్పవను పిల్లల భయము. ఆ భయమును తొలగించినచో అతని ఆయుధము విరిగిపోవును. 'ఏమి జరిగినను ముందు నాతో చెప్పుము. నేను కోపపడను' అను మాటను తండ్రియు, తల్లియు, ఉపాధ్యాయుడును ఆపద రాకముందే చెప్పియుంచవలెను. చెప్పిన తరువాత దానిని నిలుపుకొనవలెను. తప్పు చెప్పుకొన్న పిల్లవాని ఫోనును వెంటనే లాగుకొన్నచో, అది చూచిన తమ్ముడును చెల్లెలును ఇక ఏ విషయమును చెప్పరు.

ఆపద వచ్చినప్పుడు చేయవలసిన పనులు కొన్ని కలవు. బెదరించువానికి సమాధానము ఇయ్యరాదు. డబ్బు చెల్లింపరాదు, ఒకసారి చెల్లించినవాడు మరల చెల్లించునని వానికి తెలియును. సందేశములను చెరపరాదు, పేరు, వేళ కనబడునట్లు భద్రపరుపవలెను. అసభ్య చిత్రములను మాత్రము సాక్ష్యమని తలచి ఇతరులకు పంపరాదు. పిల్లల సహాయమునకు 1098 నంబరు కలదు. డబ్బు పోయినచో 1930 నంబరునకు వెంటనే తెలుపవలెను. ఎంత త్వరగా తెలిపినచో, ఆ సొమ్ము చేతులు మారకముందే ఆపుటకు అంత అవకాశము.

చిత్రములు వ్యాపింపకుండ ఆపుటకు ఒక చక్కని శాస్త్రోపాయమును కనుగొనిరి. ప్రతి చిత్రమునుండి గణితపద్ధతిచే ఒక పొడవైన సంఖ్యను తీయవచ్చును. ఇది ఆ చిత్రమునకు వ్రేలిముద్ర వంటిది. సంఖ్యనుబట్టి చిత్రమును తిరిగి నిర్మించుట సాధ్యముకాదు. అమెరికాలోని బాలల రక్షణ సంస్థయొకటి 2023లో ప్రకటించిన 'టేక్ ఇట్ డౌన్' అను ఉచిత సేవలో, చిత్రము బాధితుని ఫోనును విడువదు; వ్రేలిముద్ర మాత్రమే పోవును. ఈ ఏర్పాటులో చేరిన సంస్థలు తమ వద్ద అదే వ్రేలిముద్రగల చిత్రమును వెదకి తొలగింపవచ్చును.

బాధ్యత అనగా నేమి?

పిల్లలు బాధితులు మాత్రమే కారు, బాధించువారుకూడ కాగలరు. తోటి విద్యార్థిని చిత్రమును వికృతముగా మార్చుట, నల్లనివాడనియో నత్తివాడనియో ఒకనిని గుంపులో గేలిచేయుట, స్నేహితుని పాస్‌వర్డుతో అతని పేర సందేశము పంపుట — ఇవన్నియు 'తమాషాకు చేసితిమి' అను మాటతో సమర్థింపబడుచుండును. బడిలో చేసిన గేలి సాయంత్రపు గంటతో ముగియును. ఫోనులోని గేలి ఇంటికిని, పడకయొద్దకును వెంటవచ్చును. పైగా గేలిచేసినవానికి ఎదుటివాని కన్నీరు కనబడదు. అట్టి గుంపులో ఊరకున్నవాడు సాక్షి మాత్రమే కాడు. చూచువారు లేనిచో ఆ ఆట సాగదు. బాధితునితో ప్రక్కకు వచ్చి ఒక మంచిమాట చెప్పిన విద్యార్థి గొప్ప పని చేసినవాడగును.

చట్టముకూడ ఈ పనులను తమాషాగా చూడదు. మన దేశపు సమాచార సాంకేతిక చట్టము 2000 సంవత్సరములో వచ్చినది. ఇతరుల పాస్‌వర్డును మోసపూరితముగా వాడుట, ఇతరుని వేషమున మోసగించుట ఈ చట్టము ప్రకారము మూడు సంవత్సరములవరకు జైలుశిక్షకు, లక్ష రూపాయలవరకు జరిమానాకు గురిచేయు నేరములు. పదునెనిమిదేండ్లు నిండనివారి విషయమును 2015 నాటి బాలన్యాయ చట్టము క్రింద బాలన్యాయ మండలి విచారించును.

నేర్పుట ఎట్లు?

వయస్సునుబట్టి గీత గీయుటకు దేశములు ప్రయత్నించుచున్నవి. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10నుండి పదునారేండ్లలోపువారికి ముఖ్య సామాజిక మాధ్యమములలో ఖాతాలు నిషిద్ధములు. మన దేశమున 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, పదునెనిమిదేండ్లలోపువారి వివరములను వాడుటకు తల్లిదండ్రుల అనుమతి ఉండవలెనని నిర్దేశించినది. దానిని దశలవారీగా అమలుపరచు నిబంధనలు 2025 నవంబరులో వెలువడినవి. ఇట్టి కట్టుబాట్లు అవసరమే. కాని గీత దాటిన మరునాడు బాలుడు ఒక్కసారిగా వివేకవంతుడు కాడు. పల్లెలలో పిల్లలకు ఈత నేర్పువారు నడుమునకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, బావిలో తాముకూడ దిగి, చేయి క్రింద ఆనించి నేర్పుదురు. గట్టుపైనుండి 'నీళ్లలో దిగకుము' అని అరచుటవలన ఎవ్వరికిని ఈత రాదు.

తరగతిలో దీనికి కంప్యూటరు కూడ అవసరములేదు. ఒక వాక్యమును కాగితముపై వ్రాసి, ప్రతి విద్యార్థియు నకలు తీసికొని తరువాతివానికి ఇయ్యవలెనని చెప్పవచ్చును. చివర 'ఆ వాక్యమును వెనుకకు తీసికొనుచున్నాను, నకళ్లన్నియు ఇచ్చివేయుడు' అని ఉపాధ్యాయుడు కోరవలెను. ఎన్ని వచ్చినవో లెక్కించినను, ఎవరి పుస్తకములో ఎన్ని మిగిలినవో తెలియదు. నకలు యొక్క స్వభావము విద్యార్థులకు అప్పుడు బోధపడును. గుణశ్రేఢి పాఠమునాడు వదంతి లెక్కను, ఘాతాంకముల పాఠమునాడు పాస్‌వర్డు లెక్కను చేయింపవచ్చును. తెలుగు పాఠములో ఒక మోసపు సందేశమును నల్లబల్లపై వ్రాసి నాలుగు ప్రశ్నలు వేయింపవచ్చును: ఇది పంపినది ఎవరు? వారే పంపిరని ఎట్లు తెలియును? వారు మననుండి కోరుచున్నది ఏమి? ఇంత తొందర ఎందుకు పెట్టుచున్నారు? మోసపు సందేశములలో తరచుగా ఆశయో, భయమో, తొందరయో ఉండును. ఆ మూడింటిలో ఏది కనబడినను ఒక గంటసేపు ఆగి, ఒక పెద్దవానిని అడుగుట అలవాటు కావలెను.

అన్నిటికంటె ముందు, ప్రతి పాఠశాలలోను పిల్లలు నిర్భయముగా చెప్పుకొనదగిన ఉపాధ్యాయుడో, ఉపాధ్యాయినియో ఒకరుండి, వారి పేరు పిల్లలందరికిని తెలిసియుండవలెను. పాస్‌వర్డులు మారవచ్చును, సాధనములు మారవచ్చును, నేడు వాడు ఫోను పదియేండ్లకు కనబడకపోవచ్చును. 'మాస్టారూ, నాకొక తప్పు జరిగినది' అని వచ్చిన విద్యార్థిని కూర్చుండబెట్టి, మాట పూర్తియగువరకు వినగల ఉపాధ్యాయుని అవసరము మాత్రము అప్పుడును తీరదు.